కొబ్బరినీళ్లు తాగిన రాయి

మా బావకు చెవులు పోతున్నాయని అందరికంటే ముందు కనిపెట్టింది నేను. అందరికంటే ఆలస్యంగా ఒప్పుకున్నది ఆయన. ఈ రెండింటి మధ్య మా ఇంట్లో నేను పెట్టిన కేకలకు లెక్కలేదు.

బావ అంటే మా ఆయనే. మేనమామ కొడుకు. పెళ్లికి ముందు బావా అని అలవాటైన నోటికి పెళ్లయ్యాక ‘ఏమండీ’ పట్టుబడలేదు, అలాగే ఉండిపోయింది. రేణిగుంట దారిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో ఆయన ఫోర్‌మన్. నేను తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో జియాలజీ చెప్పేదాన్ని. ఆయన రాళ్లు కోయించేవాడు, నేను రాళ్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేదాన్ని. మొత్తానికి మా ఇద్దరికీ అన్నం పెట్టింది రాళ్లే.

గ్రానైట్ కోసే రంపాల మోత విన్నవాళ్లకు తెలుస్తుంది. ఆ షెడ్డులోకి వెళ్లి అయిదు నిమిషాలు నిలబడితే బయటికొచ్చాక కూడా చెవుల్లో గుయ్యిమంటూనే ఉంటుంది. బావ పెళ్లికి ముందు నుంచీ ఆ షెడ్డులోనే ఉన్నాడు. చెవులకు పెట్టుకోమని దూది ఇస్తే, పనివాళ్లు నవ్వుతారని జేబులో వేసుకునేవాడు. ఆ దూది చొక్కాతో పాటు నానబెట్టి, ఉతికి, పీలికలు ఏరుకునేది నేను.

మొదట్లో నాకూ తెలియలేదు. మా ఇల్లు తిరుచానూరు రోడ్డులో కల్యాణ మండపాల మధ్య ఉండేది. ముహూర్తాల రోజుల్లో ఒక పక్క నాదస్వరం, ఇంకో పక్క సినిమా పాటలు. పిలిస్తే పలకడేమని అడిగితే, ఈ మేళాల్లో ఏం ఇనపడతాదిమే అనేవాడు. నిజమే కాబోలు అనుకున్నాను. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. మైకులు ఆగిపోయాయి. బావ మాత్రం పలకలేదు. అప్పుడు పడింది నాకు అనుమానం.

ఆ తర్వాత గమనిస్తే ఆయన దగ్గర ఎన్ని విద్యలున్నాయో! నలుగురూ నవ్వితే తనూ నవ్వేవాడు, అందరికంటే ఒక్క క్షణం వెనక. ఎవరైనా ఇంటికొస్తే వాళ్లకు మాట్లాడే సందు ఇవ్వకుండా తనే చిత్తూరు, బంగారుపాళెం కబుర్లన్నీ చెప్పేవాడు. సెల్‌ఫోన్ కొనిస్తే చెవి దగ్గర పెట్టుకుని ‘సిగ్నల్ లేదబ్బా’ అని కట్ చేసేవాడు. ఏమీ అర్థం కాకపోతే ఆఖరి ఆయుధం ఒకటుంది: ‘బాగుండాది.’ ఒకరోజు వంటింట్లోంచి గ్యాసు అయిపోయింది బావా అని కేకేశాను. ‘బాగుండాది’ అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, గరిటె విసిరేశాను.

ఊళ్లో చెవుల డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లి అడిగాను. పోయింది పోయినట్టేనమ్మా, తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, ఆ మోతలో గడిచే ప్రతిరోజూ కొంత తీసుకుపోతుంది అన్నాడాయన. రాయవేలూరు పెద్దాసుపత్రిలో పరీక్ష చేసి చెవికి పెట్టుకునే మంచి మిషను ఇస్తారని చెప్పాడు. ఇంటికొచ్చి బావతో అంటే, నాకేమొచ్చిండాది, నీ గొంతే సన్నంగా ఉండాది అని కొట్టిపారేశాడు. రాయవేలూరు మాట ఎత్తితే చాలు, చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

ఎందుకు భయమో నాకు తెలుసు. ఫ్యాక్టరీకి లారీలో వచ్చిన ప్రతి దిమ్మెనూ సుత్తితో తట్టి చూడటం ఆయన పని. లోపల పగులు లేని రాయి ఖంగుమంటుంది. పగులుంటే మొద్దుగా పలుకుతుంది. ఫోర్‌మన్‌కి చెవుడని ఒక్కరి నోట పడితే ఇక ఆ సుత్తి ఆయన చేతికి ఇవ్వరు. స్టోర్ రూములో కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆ కుర్చీకి భయపడి ఆయన ఉన్న చెవులు కూడా పోగొట్టుకుంటున్నాడు. ఇది ఎలా ఆపాలో తెలియక నాకు ఒళ్లు మండిపోయేది.

అలాంటి రోజుల్లో మా కాలేజీకి కొత్త డ్రాయింగ్ మేడం వచ్చింది. మదనపల్లె అమ్మాయి, బరోడాలో శిల్పం చదువుకుంది. మనిషి పీలగా ఉంటుంది, గొంతు అంతకంటే పీల. నేను పిల్లల్ని తిరుమల కొండ దిగే ఘాట్ రోడ్డుకు తీసుకెళ్తుంటే తనూ వస్తానని బస్సెక్కింది. అక్కడ రోడ్డు కోసం కొండను తొలిచిన చోట ఒక గీత కనిపిస్తుంది. గీతకు కింద గ్రానైట్. గీతకు పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, ఇసుక గట్టిపడి అయిన రాయి. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి కదా, ఒకదాని వెంట ఒకటి పుట్టాయనుకుంటాం. కాదు. కింది రాయి పుట్టాక, అరిగి అరిగి నేలమట్టమయ్యాక, కోట్ల ఏళ్లు గడిచాక పైది వచ్చి పడింది. ఆ మధ్య కాలానికి సంబంధించి ఒక్క రాయీ లేదు. ఉన్నదల్లా ఆ గీతే. బస్సుల్లోంచి భక్తులు గోవిందా అంటూ దాన్ని దాటుకుని పోతుంటారు.

నేను పాఠం చెప్పడం అయ్యాక డ్రాయింగ్ మేడం ఆ గీత మీద వేలు పెట్టి, ఈ పోయిన కాలం చప్పుడు ఎలా ఉండేదో మేడం అంది. నాకు చిరాకేసింది. ఎండలో నిలబడి గొంతు చించుకున్నదాన్ని, చప్పుడంట చప్పుడు. కానీ బస్సులో కూర్చున్నాక నాకూ అదే ఆలోచన పట్టుకుంది.

ఆ ఏడు కాలేజీ ఉత్సవాలకు ఏదైనా ప్రదర్శన పెట్టమని ప్రిన్సిపాల్ అడిగింది. ఈ అమ్మాయి ఆ గీతనే పెడతానంది. కొండ మీది రాయిని ముట్టుకోకూడదు. అందుకని కింద ఒక గ్రానైట్ దిమ్మె, పైన నగరి వైపు నుంచి తెచ్చిన క్వార్ట్‌జైట్ పలక. రెండింటి మధ్య వేలెడు సందు. ఆ సందు తిన్నగా ఉండదు. కొండలోని గీత ఎలా వంకరలు పోయిందో, ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో అచ్చంగా అలాగే ఉండాలి. ఆ సందులోంచి శబ్దం రావాలి. వచ్చినవాళ్లు రాయికి చెవి ఆనించి వినాలి. ఇదీ ఆమె ఊహ. రాయి కావాలి, రాయి కోసేవాళ్లు కావాలి. ఇంకెవరున్నారు, మా బావ.

బావ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయి చెప్పింది ఎంత వినిపించిందో నాకు తెలియదు కానీ, కాగితం మీద బొమ్మ వేసి చూపిస్తే గబగబా తలాడించాడు. వాళ్ల ఫ్యాక్టరీలో కొత్తగా కంప్యూటరుతో నడిచే చెక్కుడు మిషను వచ్చింది. శంకుస్థాపన రాళ్ల మీద పేర్లు, పరదేశాలకు పంపే సమాధి రాళ్ల మీద పూలు, దేవదూతలు చెక్కేది అది. మా పిల్లలు ఘాట్ రోడ్డులో రాతి మీద ట్రేసింగ్ కాగితం అతికించి గీతను ఎత్తుకొచ్చారు. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాం. మిషను ముందున్న ఆపరేటరు ముందుగా వేస్టు రాయి మీద చెక్కి చూపించాడు. చూద్దును కదా, గీత నున్నగా, రూళ్ల కర్రతో కొట్టినంత తిన్నగా ఉంది.

ఇదేంటయ్యా అంటే, మీరిచ్చింది బాగా వంకర పోయింది మేడం, నేనే సరిచేసినా అన్నాడు. మెచ్చుకుంటాననుకుని నిలబడ్డాడు పాపం. కోట్ల ఏళ్ల గాలీ వానా కలిసి చేసిన వంకరను ఆ మహానుభావుడు ఒక్క మధ్యాహ్నంలో చదును చేసిపెట్టాడు. డ్రాయింగ్ మేడం పగలబడి నవ్వింది. నేను ఆపరేటరును నాలుగు దులిపి, మళ్లీ మొదటినుంచీ చేయించాను. రెండోసారి గ్రానైట్ మీద నీళ్లు పోసుకుంటూ మిషను మెల్లగా ఆ ఎత్తుపల్లాలు చెక్కుతుంటే, కొండలో రోజూ చూసే గీత షెడ్డులో పుట్టుకొస్తుంటే, చెప్పొద్దూ, నాకు ఒళ్లు పులకరించింది.

శబ్దం సంగతి ఆ అమ్మాయే చూసుకుంది. ఘాట్ రోడ్డు గాలి, రాళ్ల మీద నీటి చుక్కలు, ఫ్యాక్టరీలో సుత్తి దెబ్బలు అన్నీ రికార్డు చేసి కంప్యూటరులో ఏవేవో తంటాలు పడింది. పాత స్పీకర్లు కొని, రేడియో రిపేరు షాపాయనతో వాటి కాగితం పీకించి, మిగిలిన కాయిల్‌ను పలక అడుగున అతికించింది. స్పీకరులో కాగితం వణికితే శబ్దం వస్తుంది, ఇప్పుడు కాగితం బదులు రాయి వణుకుతుంది అని నాకు వివరంగా చెప్పింది. ముందురోజు సాయంత్రం చెవి ఆనించి విన్నాను. లోతుల్లోంచి ఏదో బరువుగా దొర్లుతున్నట్టుంది. ఎంతసేపు విన్నానో, మెడ పట్టేసింది. బావను కూడా వినమంటే పొద్దున వింటాలే, పనుందని వెళ్లిపోయాడు. ఈసారి కూడా తప్పించుకున్నాడని నాకు తెలుసు.

ప్రారంభం రోజు పొద్దున్నే బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన కొత్త తువ్వాలతో వచ్చాడు. స్కూటరు సంచిలో కొబ్బరికాయ, కర్పూరం. వాళ్ల ఫ్యాక్టరీలో అదొక పద్ధతి. ఏ రాయైనా కొత్త చోట కూర్చోబెడితే, దాని మీద కొబ్బరికాయ కొట్టందే పనివాళ్లు చేతులు కడుక్కోరు. ఆ నీళ్లు రాతికి తగలాలి, అప్పుడే రాయి కుదురుగా ఉంటుందని నమ్మకం. ఎగుమతికి పోయే సమాధి రాళ్లకు కూడా కొడతారు.

ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించాడు. పెద్దాయన, ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. బావ కర్పూరం వెలిగించి, కాయ చేతిలోకి తీసుకున్నాడు. డ్రాయింగ్ మేడం ఆయన వెనకాల ఉంది. సార్, రాయి మీద వద్దు సార్, కింద కొట్టండి అని అరిచింది. పాపం ఆ పీల గొంతుతోనే రెండుసార్లు అరిచింది. నేను అవతలి పక్క నుంచి జనాన్ని తోసుకుని వచ్చేలోపు టంగున కొట్టేశాడు. ముదురు కాయ, నిండా నీళ్లు. అన్నీ పలక అంచు మీదుగా సరాసరి సందులోకి పోయాయి. లోపల ఎక్కడో టిక్కుమంది. ఆంప్లిఫయరు మీది ఎర్రలైటు ఆరిపోయింది.

బావ మాత్రం కర్పూరం రాయి చుట్టూ తిప్పి, కళ్లకద్దుకుని, ప్రశాంతంగా పక్కకు జరిగాడు.

ముఖ్య అతిథి చెవి ఆనించి, కాసేపు చూసి, ఇంకా మొదలుపెట్టలేదామ్మా అని మర్యాదగా అడిగాడు. డ్రాయింగ్ మేడం ముఖం తెల్లబోయింది. నేనే అందరికీ వినపడేలా చెప్పాను, లోపలికి నీళ్లు పోయాయి, ఇవాళ శబ్దం రాదు, క్షమించండి అని. అయ్యో అన్నారు, పర్లేదన్నారు. టిఫిన్ల వైపు కొందరు కదిలారు కూడా. నేను చెప్పింది ఆ హాల్లో అందరూ విన్నారు, ఒక్కరు తప్ప.

ఆయన రాయికి అవతలి పక్క నిలబడి ఉన్నాడు. పెద్దాయన చెవి ఆనించి విన్నాడు కదా, ఇక తన వంతు అనుకున్నట్టున్నాడు. తువ్వాల సర్దుకుని, వంగి, చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. తలాడించాడు. లేచి, చుట్టూ ఉన్న అందరి వైపూ చూసి చిరునవ్వుతో అన్నాడు.

“బాగుండాది మేడం. రాయి బెమ్మాండంగా మాట్లాడతా ఉండాది.”

మా పిల్లల్లో ఎవరో కిసుక్కుమంది. నేను చూసిన చూపుకు ఆ నవ్వు గొంతులోనే ఆగింది. ముఖ్య అతిథి తల దించుకుని తన చెప్పుల వైపు చూసుకున్నాడు. బావ ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. మాటలు వినపడని మనిషికి ముఖాలు చదవడం మనకంటే బాగా వస్తుంది. చిరునవ్వు అలాగే ఉంది కానీ దాని వెనకాల మనిషి లేడు. భుజం మీది తువ్వాల తీసి, రాయి మీద తడి ఎంతో శ్రద్ధగా తుడిచాడు. ఫ్యాక్టరీలో లోడు దిగతా ఉండాది అని ఎవరికో చెప్పినట్టు చెప్పి బయటికి నడిచాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ నేను ఆయన్ని ఎన్ని అన్నానో, ఎన్నిసార్లు ఒప్పుకోమని వేధించానో. ఒప్పుకుంటే చాలనుకున్నాను గానీ, ఇలా నలుగురిలో బట్టలిప్పినట్టు కావాలని ఎన్నడూ కోరుకోలేదు. నా ముఖంలో ఏడుపూ కోపమూ ఒకేలా ఉంటాయట. అందుకే ఎవరూ దగ్గరికి రాలేదు.

రాత్రికి ఇంటికొచ్చాడు. అన్నం పెట్టాను, తిన్నాడు. కొబ్బరి పచ్చడి చేద్దామనుకున్నదాన్ని మానేసి రసం పెట్టాను.

మర్నాడు ఆదివారం. రాయి తెరవాలంటే పై పలక లేపాలి, చెయిన్ పుల్లీ కావాలి. ఇక ఫ్యాక్టరీ గడప తొక్కడని, కాలేజీ వైపు అసలే రాడని నేను అనుకున్నాను. ఆయన మాత్రం నన్ను అడగకుండానే, పొద్దున్నే ఇద్దరు మనుషుల్ని, పుల్లీని ఆటోలో ఎక్కించుకుని వచ్చేశాడు. పాత చొక్కా, మాసిన తువ్వాల. పలక లేపితే సందులో ఒక కొబ్బరి చెక్క ముక్క దొరికింది. వచ్చినవాళ్లలో ఒకాయన దాన్ని దులిపి నోట్లో వేసుకున్నాడు. డ్రాయింగ్ మేడం తడి తుడిచి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో లోపలంతా ఆరబెట్టి, కొత్త కాయిల్ అతికించింది. పలక మళ్లీ కూర్చోబెట్టాక మనుషులిద్దరూ టీకి వెళ్లారు. హాల్లో మేం ముగ్గురమే మిగిలాం.

ఆమె స్విచ్ వేసింది. ఎర్రలైటు వెలిగింది. బావ దూరంగా గోడ దగ్గర నిలబడి పుల్లీ గొలుసు చూస్తున్నాడు. ఆ అమ్మాయి వెళ్లి ఆయన ఎదుట నిలబడి, ఏమీ మాట్లాడకుండా రమ్మని చెయ్యి ఊపింది. తను రాయి మీదికి వంగి, చెవి కాదు, రాతి వణుకు ఎముకకు తగిలేలా నుదురు ఆనించి చూపించింది. నిన్న జరిగినదాని మీదట ఎవరికైనా రోషం వస్తుంది. బావ గొలుసు కింద పెట్టాడు. తర్వాత వచ్చి, రెండు చేతులూ పలక మీద పెట్టి, నుదురు ఆనించాడు.

చాలాసేపు అలాగే ఉన్నాడు. నిజంగా ఏమైనా తెలుస్తోందా, లేక మళ్లీ మా కోసం నటిస్తున్నాడా? మళ్లీ బాగుండాది అంటాడేమోనని భయమేసింది. అంటే ఇక ఈ జన్మకు నమ్మేదాన్ని కాదు.

“ఎవురో మగాయన మాట్లాడతా ఉండాడే,” అన్నాడు తల ఎత్తకుండా.

నేను డ్రాయింగ్ మేడం వైపు చూశాను. ఈ రాతిలో మనిషి గొంతు ఉన్నట్టు నాకు తెలియదు. ఆమె కొంచెం జంకుతూ చెప్పింది. ఘాట్ రోడ్డులో నేను చెప్పిన పాఠం కూడా ఆ రోజు రికార్డు చేసిందట. దాన్ని కంప్యూటరులో బాగా నెమ్మది చేసిందట. నెమ్మది చేసేకొద్దీ గొంతు బరువై, బొంగురై, కిందికి దిగిపోతుందట. మాటలు సాగిపోయి అర్థం కావు, బరువు మాత్రం మిగులుతుంది. మీరు కోప్పడతారని చెప్పలేదు మేడం అంది. లోతుల్లోంచి దొర్లుతోందని మొన్న సాయంత్రం నేను మైమరచి విన్నది నా గొంతే.

బావ తల ఎత్తి ఎవరని కళ్లతోనే అడిగాడు. నేను నా గుండె మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన నమ్మలేదు. డ్రాయింగ్ మేడం వైపు చూస్తే ఆమె అవునని తలాడించింది. మళ్లీ వంగాడు. నుదురు పెట్టాడు, దవడ పెట్టాడు, ఆఖరికి చెంప ఆనించి అలాగే ఉండిపోయాడు. లేచేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

“సన్న చప్పుళ్లు ముందు పోయినాయిమే,” అన్నాడు. “పాలాయన సైకిలు బెల్లు పోయింది. పిట్టలు పోయినాయి. దాని తర్వాత నీ గొంతు. షెడ్డులో మగోళ్లు అరిస్తే రవ్వంత తెలస్తాది. నువ్వు ఎదురుగా నిలబడి నోరు తెరస్తావు, నాకేమీ రాదు. తిడతా ఉండావో పిలస్తా ఉండావో నీ మొకం సూసి అనుకునేదే. అన్నిటికీ మొకం సూస్తే తెలస్తాదా?”

ఆయన పలకనప్పుడల్లా నేను గొంతు పెంచాను. పెంచేకొద్దీ అది ఇంకా సన్నబడి, కీచుమని, ఆయనకు ఇంకా అందకుండా పైపైకి పోయింది. అంత అరిచినా పలకని మనిషి మీద ఇంకా కోపం, ఆ కోపానికి ఇంకా అరుపు. గోడకు చెప్పుకున్నా నయం అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆయన ఆ గోడకు అవతల నిలబడి నా ముఖం చూస్తూ ఊహించుకుంటున్నాడు.

డ్రాయింగ్ మేడం స్విచ్ ఆపి, టీ చెప్పొస్తానని బయటికి వెళ్లింది. బావ నాకు వీపు చేసి, నేల మీద కూర్చుని, పుల్లీ గొలుసును చుట్టలు చుడుతున్నాడు. నా ముఖం ఆయనకు కనపడదు. నేను ఆయన వెనకాల కూర్చున్నాను. ఎప్పటి గొంతు కాదు. పొట్టలోంచి, మగవాళ్లలా బరువుగా, ఒక్కొక్క మాటా లాగి లాగి అన్నాను.

“రాయవేలూరు పోదాం బావా.”

గొలుసు చుడుతున్న చేతులు ఆగాయి. వెనక్కి తిరగలేదు.

“ఎప్పుడు?” అన్నాడు.